ఆవాజ్ పెరగాలె, గుంజుడు తగ్గద్దు

మొన్న మా జహీరాబాద్ బస్టాండు చౌరస్తాలో పోలీసులు కుర్రాళ్ల మోటారు సైకిళ్ల నుంచి ఊడదీసిన సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పడుకోబెట్టి, వాటి మీదుగా రోడ్డు రోలరు నడిపించారు. జనం బాగానే వచ్చారు. మా ఊళ్లో ఉచితంగా చూడదగ్గవి తక్కువ. రోలరు ఎక్కగానే ఒక్కో సైలెన్సరు చిన్నగా మూలిగి చదునైపోయింది. బతికినన్నాళ్లూ అంత గోల చేసినవి పోయేటప్పుడు ఇంత మర్యాదగా పోవడం చూసి, నా పక్కన నిలబడ్డ పండ్ల బండి ఆయన కొంచెం నిరాశపడ్డట్టే కనిపించాడు.

నాకు మా ఎదురింటి మామ గుర్తొచ్చాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఉంటే ఈ కార్యక్రమానికి తప్పకుండా వచ్చేవాడు. తెల్ల అంగీ వేసుకుని, భుజం మీద తువ్వాలతో, చావింటికి వచ్చినవాడిలా జనం వెనక నిలబడి, అంతా అయ్యాక ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికెళ్లి, గడప దాటకముందే కాళ్లు కడుక్కునేవాడు. ఎందుకంటే జహీరాబాద్‌లో అందరికంటే పెద్ద చప్పుడు చేసే మోటారు సైకిలు కొంతకాలం పాటు ఆయనదే. అప్పటికి ఆయనకు అరవై దాటాయి.

మామ అంటే నాకు రక్త సంబంధం లేదు. మా అమ్మ ఆయన్ని అన్న అనేది, ఆయన భార్యను వదిన అనేది, ఆమె కూడా అమ్మను వదిన అనే పిలిచేది. నాకు ఆయన మామ, ఆమె అత్తమ్మ. మిగతా చుట్టరికాలు దాన్నిబట్టి కుదురుకున్నాయి. ఆయనకు బజార్లో విత్తనాల కొట్టు. అల్లం విత్తనం, ఆలుగడ్డ విత్తనం. పొద్దున్నే బండి వెనక రెండు బస్తాలు కట్టుకుని న్యాల్‌కల్ వైపో, రాయికోడ్ వైపో ఊళ్ల మీదికి పోయేవాడు. రైతు కొట్టుకు రావాలిగాని కొట్టు రైతు దగ్గరికి పోవడమేంటని తోటి వ్యాపారులు నవ్వేవాళ్లు. ఆయనకు తిరగడం ఇష్టం, అంతే.

బండి మీద ఆయన కూర్చునే తీరు చూడాలి. వెన్ను నిటారుగా, మోకాళ్లు దగ్గరగా, పెళ్లిచూపుల్లో కుర్చీ అంచున కూర్చున్న పిల్లవాడిలా ఉండేవాడు. స్పీడు ముల్లు ఎప్పుడూ నలభై దాటనిచ్చేవాడు కాదు. దాంతో ఏమయ్యేదంటే, ముందు చప్పుడు వచ్చేది. అది విని వీధిలో ఆడుకునే పిల్లలు పక్కకు తప్పుకునేవాళ్లు. ఎంతకీ బండి వచ్చేది కాదు. పిల్లలు విసుగుపుట్టి మళ్లీ ఆట మొదలుపెట్టాక అప్పుడు వచ్చేవాడు మామ, సైకిలు వాళ్లకు దారి ఇస్తూ.

ఇంత గోల చేసే బండి మీద తిరిగే మనిషి గొంతు మాత్రం చాలా చిన్నది. ఆయన అరవగా నేను వినలేదు. భార్యను పక్క గదిలోంచి పిలవడం కూడా నేనెప్పుడూ వినలేదు. ఆమెతో ఏదైనా చెప్పాలంటే లేచి వెళ్లేవాడు. పొయ్యి దగ్గరుంటే పొయ్యికి అవతల, పెరట్లో బట్టలారేస్తుంటే తీగకు అవతల, ఆమె ముఖానికి ఎదురుగా వెళ్లి నిలబడి, అప్పుడు నోరు తెరిచేవాడు. కొత్తగా పెళ్లయిన రోజుల్లో నా భార్య అది చూసి, భార్యతో మాట్లాడే పద్ధతి ఆయన్ని చూసి నేర్చుకోమంది. నేను కొన్నాళ్లు ప్రయత్నించాను. దారికడ్డం నిలబడుతున్నానని తిట్లు తిన్నాను.

ఆయనకు ఒక మాట ఉండేది. ఆవాజ్ పెరగాలె, గుంజుడు తగ్గద్దు. ఆవాజ్ అంటే చప్పుడు. గుంజుడు అంటే బండి లాగే బలం. మెకానిక్కుతో మొదట అన్న మాట అది. తర్వాత దాన్ని ఆయన లోకంలో ఉన్న సమస్త వస్తువుల మీదా ప్రయోగించాడు. ఎలక్షన్లకు ఓట్లడగడానికి వచ్చినవాళ్లను సాగనంపి, ఆవాజ్ ఉన్నది గాని గుంజుడు లేదు అనేవాడు. పెళ్లిలో బ్యాండు మేళాన్నీ అలాగే తూచేవాడు. చాయ్ తాగినా అదే. నేను మా ఊరి జూనియర్ కాలేజీలో కామర్సు చెప్తాను. ఒకసారి ఏదో పని మీద వచ్చి కిటికీ పక్కన నిలబడి నా పాఠం కాసేపు విన్నాడట. సాయంత్రం ఇంటికొచ్చి, నీ ఆవాజ్ మంచిగున్నది అన్నాడు. అక్కడితో ఆపేశాడు. నేను కూడా రెండో సగం అడగలేదు.

ఇక ఆ చప్పుడు కథ. అది రొట్టె దగ్గర మొదలైంది.

మా వైపు జొన్నరొట్టె తినేవాళ్లకు చెప్పనక్కర్లేదు. పెంక, అంటే పెనం, దాని మీది నుంచి పళ్లెంలోకి, పళ్లెంలోంచి నోట్లోకి రావాలి. మధ్యలో ఎవరితోనైనా మాట్లాడుతూ కూర్చుంటే అది అట్టముక్క అవుతుంది. మామ మధ్యాహ్నం ఇంటికొచ్చే వేళకు ఒక లెక్క లేదు. ఏ ఊళ్లో ఏ రైతు ఎంతసేపు కూర్చోబెడితే అంతసేపు. అందుకని పెళ్లయిన కొత్తల్లోనే వాళ్లిద్దరి మధ్య ఒక ఏర్పాటు కుదిరింది. ఎవరూ కూర్చుని మాట్లాడుకుని పెట్టుకున్నది కాదు. మామ బండి నీళ్ల ట్యాంకు మూల తిరుగుతుంది. ఆ చప్పుడు అత్తమ్మకు వినబడుతుంది. ఆమె పెంక పొయ్యి మీద పెట్టి పిండి ముద్ద తీసుకుంటుంది. ఆయన బండికి స్టాండు వేసి, పెట్రోలు ట్యాంకును రెండుసార్లు తట్టి, కాళ్లు కడుక్కుని వచ్చేసరికి మొదటి రొట్టె పెంక మీద పొంగుతూ ఉంటుంది. ఒకరినొకరు 'వచ్చినవా' అని గాని 'వచ్చిన' అని గాని అనుకునే అవసరమే రాలేదు. వాళ్ల సంసారంలో పలకరింపు అంటే అదే.

ఒకరోజు వచ్చేసరికి పెంక గోడకు ఆనించి ఉంది. అత్తమ్మ పీట మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. తలెత్తి ఆయన్ని చూసి ఉలిక్కిపడింది. మర్నాడూ అంతే. ఆ వారం వరసగా అంతే. నీ బండి ఆవాజ్ తగ్గింది, జర చూపిచ్చుకో అంది అత్తమ్మ. మామ నమ్మాడు. భార్య మాట నమ్మి బండిని బస్టాండు వెనక మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయి, చప్పుడు తగ్గిందని ఫిర్యాదు చేశాడు. ఆ మెకానిక్కుకు అలాంటి ఫిర్యాదు అదే మొదటిది. జనం చప్పుడు పెరిగిందని వస్తారు. ఆయన బండి స్టార్టు చేసి, చుట్టూ తిరిగి, వంగి, లేచి, సేట్, కంపెనీ నుంచి ఎట్లొచ్చిందో గట్లనే ఉన్నది అన్నాడు.

మామ అక్కడే, ఆ నూనె మరకల బల్ల మీద కాసేపు కూర్చున్నాడట. అప్పుడు అర్థమైంది ఆయనకు. తగ్గింది బండిది కాదు.

మరి చెవికి మిషను పెట్టించొచ్చు కదా అని ఎవరైనా అంటారు. నేనూ అన్నాను. మామ నన్ను వాళ్ల వరండాలో కూర్చోబెట్టి, ఎప్పటిలా చిన్న గొంతుతో, అత్తమ్మ తల్లి సంగతి చెప్పాడు. ఆమెకు చివరి రోజుల్లో చెవులు వినబడేవి కావు. ఇంట్లో వాళ్లు చెడ్డవాళ్లేం కాదు. కాని మెల్లగా ఆమెతో మాట్లాడటం మానేశారు. ఆమె ముందే ఆమె గురించి మాట్లాడుకునేవారు. పని పడితే అరిచేవారు. వంట గదిలో ఉప్పు డబ్బా ఉన్నట్టు ఇంట్లో ఆమె ఉండేది. చిన్నప్పటి నుంచి అత్తమ్మ అది చూసింది. ఏది వచ్చినా సరే, అది మాత్రం నాకు రావద్దు అని దండం పెట్టుకునేదట. చెవి అన్న మాట ఎత్తితే ఆ రోజంతా ముభావంగా ఉండేదట.

"ఆమెకు తెల్వద్దు," అన్నాడు మామ. "రొట్టె సల్లగైతే తింట. నాకేం ఫికర్ లేదు. గని తనకు ఇనవడ్తలేదని తెలిస్తె మనిషి మూలకు కూసుంటది. మూలకు కూసోనియ్యను."

అందుకని మెకానిక్కుతో ఆయన అన్న మాట ఇది. ఆమె చెవులు పెంచుడు నా చేతుల లేదు, సైలెన్సరు పెంచుడు నీ చేతుల ఉన్నది. ఆవాజ్ పెరగాలె, గుంజుడు తగ్గద్దు.

రెండో సగం ఎందుకంటే బండి వెనక బస్తాలున్నాయి. చప్పుడు కోసం బలం పోగొట్టుకుంటే న్యాల్‌కల్ దారిలో ఎత్తులు ఎక్కదు. మెకానిక్కు ఈ రెండో సగాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఆయన దగ్గరికి వచ్చే కుర్రాళ్లెవరూ బస్తాలు మొయ్యరు. బండితో వచ్చిన సైలెన్సరును విప్పి కొట్లో దాచుకోమని మామకిచ్చి, అలాంటిదే ఇంకొకటి కోసి, లోపలున్న రేకులూ జాలీ మొత్తం పీకేసి, డొల్ల చేసి, మళ్లీ వెల్డింగు పెట్టి ఇచ్చాడు. చప్పుడు వచ్చింది. దాన్ని వర్ణించను. మా అమ్మ మాత్రం, ఎవరో రేకుల షెడ్డును ఈడ్చుకుపోతున్నారనుకుని బయటికి వచ్చింది.

ఆ ఆదివారం మామ సాక్షిగా నన్ను రమ్మన్నాడు. ఆయన బండి మీద రెండు అల్లం బస్తాలు, నా స్కూటరు మీద ఒకటి. చదునైన రోడ్డు మీద బాగానే పోయాం. న్యాల్‌కల్ దారిలో మొదటి ఎత్తు మొదలు కాగానే ముందున్న బండి గర్జించింది. ఇంకా గర్జించింది. ఎంత గర్జిస్తే అంత నెమ్మదించింది. చివరికి ఒకచోట గర్జన పూర్తి స్థాయికి చేరుకుంది, బండి ఆగింది. యాక్సిలరేటరు వదలగానే వెనక నుంచి ఫట్ ఫట్ మని టపాకాయలు పేలాయి. పక్క చేలో కొంగలు లేచిపోయాయి. మేకల మంద ఒకటి మమ్మల్ని దాటి పోయింది. వెనకాల నడుస్తున్న మేకల ఆమె ఒక క్షణం ఆగి, పటేలా, గంత మొత్తుకునుడు ఎందుకు, దిగి నూకరాదు అని సలహా ఇచ్చి వెళ్లిపోయింది. దిగి నూకాం, పైదాకా తోసుకుంటూ.

తిరిగొచ్చాక మామ నా వైపు తిరిగి, నువ్వు సదువుకున్నోనివి గద, ఫోన్ల చూడు అన్నాడు. నేను బీకాం అని గుర్తు చేశాను. ఇంజనుకు కూడా రావడాలూ పోవడాలే కదా, లెక్క అదే అన్నాడు. రెండు రోజులు చూశాను. చాలా చదివాను. బొమ్మలు అర్థమయ్యాయి. తేలిందేమిటంటే, ఇంజను నుంచి వచ్చే పొగకు దారి మరీ ఇరుకైతే చప్పుడు లేదు, మరీ వెడల్పైతే బలం లేదు. ఊరికే ఖాళీ చేస్తే పొగ ఊపు తప్పి చెదిరిపోతుంది. పైగా లోపలికి గాలి ఎక్కువై పెట్రోలు చాలక ఇంజను నీరసిస్తుంది. ఇది చెప్తే మెకానిక్కు, నాకు తెల్సు సార్ అన్నాడు. తెలిసి ఎందుకు చేశావంటే, ఆవాజ్ అడిగిన్రు, ఇచ్చిన అన్నాడు.

రెండోసారి ముగ్గురం కూర్చుని చేశాం. చేశాం అంటే ఆయన చేశాడు, మామ నిలబడ్డాడు, నేను చాయ్ తాగాను. ఇంజను నుంచి వచ్చే వంపు గొట్టాన్ని ముట్టుకోలేదు. సైలెన్సరు లోపల రేకులకు బదులు, ఆ వంపు గొట్టమంతే లావున్న చిల్లుల గొట్టాన్ని తిన్నగా దించి, చుట్టూ గాజు దూది చుట్టారు. పొగ తిన్నగా పోతుంది, దారి మారదు, లావు మారదు. చప్పుడు మాత్రం రేకులకు కొట్టుకుని చావకుండా బతికి బయటికి వస్తుంది. తర్వాత కార్బొరేటర్‌లో పెట్రోలు వచ్చే చిన్న ఇత్తడి జెట్టును తీసి ఒక సైజు పెద్దది వేశారు. ఇక అది సరిపోయిందో లేదో చూడటానికి చిరాగ్‌పల్లి దాకా పోయి రావడం, ప్లగ్గు విప్పడం, దాని మొన రంగు చూడటం. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ. నల్లగా ఉంటే ఎక్కువ. చాయ్ రంగులో ఉంటే సరి.

చాయ్ రంగు అన్నదగ్గర పంచాయతీ వచ్చింది. ఏ చాయ్? మెకానిక్కు డికాషను ఎక్కువున్న చాయ్ అంటాడు. మామ పాలు మంచిగా పోసిన చాయ్ అంటాడు. చివరికి ఎదురు హోటల్ నుంచి చాయ్ తెప్పించి, గ్లాసు పక్కన ప్లగ్గు పట్టి చూశారు. ఒకసారి కాదు. ప్రతి చిరాగ్‌పల్లి ప్రయాణానికీ ఒక గ్లాసు. పోల్చడం అయిపోయిన చాయ్ నాకిచ్చేవాళ్లు. ఆ వారం నాకు నిద్ర పట్టలేదు గాని, చివర ఒక సాయంత్రం ప్లగ్గూ గ్లాసూ ఒకే రంగులో కనిపించాయి. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మామ బస్తాలు కట్టుకుని న్యాల్‌కల్ ఎత్తు మీదికి పోయి, పైన ఆగకుండా దిగి, తిరిగొచ్చి బండి ట్యాంకును రెండుసార్లు తట్టాడు. గుంజింది. చప్పుడు ఈసారి రేకుల షెడ్డులా లేదు. పాత పిండి గిర్నీ లాగా, కడుపులోంచి వచ్చే డుబ్ డుబ్. ట్యాంకు మూల దగ్గర తిరిగితే మా ఇంటి కిటికీ రెక్కలు వణికేవి.

పరీక్ష మిగిలింది. నన్ను ఏదో వంకతో వాళ్ల వంటింట్లో కూర్చోమన్నాడు మామ. ఆయన ట్యాంకు మూల నుంచి వస్తాడు, ఆమె లేస్తుందో లేదో నేను చూడాలి, సైగ కూడా చేయకూడదు. వాళ్ల వంటింటి కిటికీ వీధిలోకి ఉంటుంది. పొయ్యి ఆ కిటికీ దగ్గరే. సరిగ్గా ఎదురుగా మా ముందు గది కిటికీ. అత్తమ్మ చుక్కకూర తుంచుతూ నా పెదాల వైపు చూస్తూ కబుర్లు చెప్తోంది. చప్పుడు వచ్చింది. నాకైతే పళ్లు జివ్వుమన్నాయి. అత్తమ్మ ఇంకో కాడ తుంచింది. ఇంకోటి తుంచింది. అప్పుడు ఎదురుగా మా అమ్మ, తనకు మాత్రమే వచ్చిన తిట్లేవో తిట్టుకుంటూ, కిటికీ రెక్కలు ధడాలున వేసేసింది. అత్తమ్మ తలెత్తి బయటికి చూసింది. కూర పక్కన పెట్టింది. లేచి పెంక పొయ్యి మీద పెట్టింది.

ఇనబడింది, కాకపోతే కొంచెం ఆలస్యంగా అని నేను బయటికొచ్చి చెప్పాను. మామ వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు. తువ్వాలతో ముఖం తుడుచుకుని, ఆలస్యం ఏం గాదు, నేనే మెల్లగ వచ్చిన అన్నాడు.

అలా రెండేళ్లకు పైగా నడిచింది. వీధి వాళ్లు మొదట అడిగారు, తర్వాత బతిమాలారు, తర్వాత వెనకాల అనుకున్నారు. ముసలితనంలో ఆయనకు కుర్రకారు పిచ్చి పట్టిందని ఊళ్లో స్థిరపడిపోయింది. మామ కాదనలేదు. నాకూ మెకానిక్కుకూ తప్ప ఎవరికీ కారణం చెప్పలేదు, మమ్మల్ని చెప్పనివ్వలేదు. మా అమ్మ రోజూ మధ్యాహ్నం కిటికీ వేసేది, నాలుగు మాటలనేది. రోజూ అవతల పొయ్యి వెలిగేది. మామ రోజూ వేడి రొట్టె తిన్నాడు.

చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద పోలీసులు ఆపిన రోజున నేను భోజనానికి ఇంటికొచ్చి ఉన్నాను. ఫోను మోగింది. కొట్లో మూలకు పాత సైలెన్సరు ఉంటుంది, పట్టుకుని రమ్మన్నాడు. మా అమ్మ అంతా విని, చివరికి దేవుడున్నాడంది. నేను పాత సైలెన్సరు ఒళ్లో పెట్టుకుని, మెకానిక్కును వెనక ఎక్కించుకుని స్కూటరు మీద వెళ్లేసరికి మామ ఒక వేపచెట్టు నీడన వినయంగా నిలబడి ఉన్నాడు. ఎస్సై చిన్నవాడు. బండి ఎవరి మనవడిదో చెప్పమని అప్పటికే చాలాసార్లు అడిగినట్టున్నాడు.

"మనుమడు లేడు సార్. నాదే."

"గీ వయసుల గింత ఆవాజ్ ఎందుకు పెద్దాయనా?"

"ఇంటికి వస్తున్న అని ఇంట్ల తెల్వాలె సార్," అన్నాడు మామ.

నలభై దాటలేదని కూడా చెప్పుకున్నాడు. కేసు చప్పుడుకు, స్పీడుకు కాదని ఎస్సై ఓపికగానే వివరించాడు. మెకానిక్కు అక్కడే రోడ్డు పక్కన పాతది బిగించాడు. విప్పినదాన్ని ఎస్సై కాసేపు చేతుల్లో పట్టుకుని తిప్పి చూసి, పనితనం బాగుందని ఒప్పుకుని, ఇది మళ్లీ రోడ్డు మీద కనబడితే బండి కూడా ఇక్కడే ఉంటుందని మామ చేతుల్లోనే పెట్టాడు. అది ఇంకా వేడిగా ఉంది. మామ తువ్వాలలో చుట్టి నాకిచ్చాడు.

తిరిగి వస్తుంటే ఆయన బండి నా స్కూటరుకన్నా నిశ్శబ్దంగా ఉంది. ట్యాంకు మూల దగ్గర ఆగిపోయాడు. ఇంజను ఆపలేదు, ముందుకు కదలలేదు. నేను పక్కన ఆపాను.

"ఇప్పుడు పోతె ఆమెకు తెలుస్తది," అన్నాడు. కాసేపాగి, "పోకుంటె ఆకలైతున్నది," అన్నాడు.

నేను నవ్వలేదు. ఆయన ముఖం అలా లేదు. పెంక గోడకు ఆనించి ఉంటుంది, ఆమె ఉలిక్కిపడుతుంది, కంపెనీ సైలెన్సరు చప్పుడు కూడా వినబడలేదంటే ఈసారి తప్పు బండి మీద నెట్టడానికి వీల్లేదు. చాలాసేపు హ్యాండిలు మీద బొటనవేలితో రాస్తూ నిలబడ్డాడు. తర్వాత గేరు వేశాడు. నడిచే మనిషి కన్నా కొంచెం వేగంగా ఇంటిదాకా వెళ్లాం. స్టాండు వేశాడు. ట్యాంకును తట్టలేదు. కాళ్లు కడుక్కోవడం కూడా మర్చిపోయి లోపలికి నడిచాడు. తువ్వాల మూటతో నేను వెనకాల.

పెంక మీద రొట్టె పొంగుతోంది.

మామ పొయ్యికి అవతల, అత్తమ్మకు ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"ఎట్ల ఇనవడ్డది?"

"ఏంది ఇనవడేది?" అంది అత్తమ్మ. ఆయన చేతుల వైపు, నా చేతుల్లోని మూట వైపు, అందులోంచి పొడుచుకొచ్చిన సైలెన్సరు మొన వైపు చూసింది. పిండి చేతులు ఒళ్లో పెట్టుకుంది. "నాకు నీ బండి ఇనవడక ఎన్నొద్దులాయె. గా కిటికీల వదిన తలుపులేస్తది. నేను పెంక పెడ్త."

వెనక్కి తిరిగి చూశాను. ఎదురుగా మా ఇంటి కిటికీ మూసి ఉంది. తర్వాత అమ్మనడిగితే, చప్పుడేం రాలేదు గాని అన్న మూల తిరగడం కనబడింది, చెయ్యి దానంతటదే పోయిందంది.

మామ పీట వెతుక్కుని కూర్చున్నాడు. మరి చెప్పలేదేమని అడిగాడు.

"నువ్వు గంత మోజు పడి చేపిచ్చుకుంటివి. ఊరంత నవ్వినా ఇడ్వకపోతివి. నాకే ఇనవడ్తలేదంటె మనసు చిన్నజేసుకుంటవని సప్పుడు జెయ్యలే."

ఎవరి కోసం ఎవరు దాచారో లెక్క కట్టడం కామర్సు చదివినవాడికి కూడా కష్టమైంది. ఆలోపు పెంక మీది రొట్టె మాడింది. ఆ ఇంట్లో రొట్టె మాడటం నాకు తెలిసి అదొక్కసారే. అత్తమ్మ దాన్ని తీసి రెండుగా తుంచింది. ఇద్దరూ చెరో ముక్కా తిన్నారు. నాకు పెట్టలేదు. నేను అడగలేదు.

దాచడానికి ఏమీ మిగలకపోవడంతో తర్వాతి వారం ఇద్దరూ బస్సెక్కి సంగారెడ్డిలో చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చారు. అత్తమ్మ మూలకు కూర్చోలేదు. మిషను పెట్టుకుని వీధిలో తిరిగి, ఎవరి గొంతు ఎలా ఉంటుందో చూసుకుంది. నాది ఇంకొంచెం గంభీరంగా ఉంటుందనుకుందట. మామకు అప్పుడొక కోరిక పుట్టింది. మెకానిక్కును ఇంటికి పిలిపించి, పాత సైలెన్సరు విప్పి, ఆ పెద్ద చప్పుడుది బిగించాడు. బండి వాకిట్లోనే ఉంది, రోడ్డెక్కలేదు, అందుకని చట్టం జోలికి పోలేదు. అత్తమ్మను గడపలో నిలబెట్టి, నవ్వుకుంటూ కిక్కు కొట్టాడు.

అత్తమ్మ చెవిలోని మిషను మీద చెయ్యి వేసుకుని, గోడ పట్టుకుంది.

"రోజు గిట్లనే వచ్చెటోనివా?" అంది. "సిగ్గు లేదా నీకు? వదిన ఎట్ల ఓర్సుకున్నదో."

వెంటనే మా ఇంటికొచ్చి, అమ్మ చేతులు పట్టుకుని క్షమించమంది. అమ్మ మాత్రం అలవాటైపోయిందంది. మెకానిక్కు వెళ్లకముందే అత్తమ్మ సైలెన్సరు మళ్లీ విప్పించేసింది. మామ దాన్ని వరండా గోడకు మేకు కొట్టి వేలాడదీశాడు. వచ్చినవాళ్లకు చూపించేవాడు. లోపలి గొట్టం, దూది, జెట్టు, చాయ్ రంగు. వినేవాళ్లు దొరికితే మొత్తం చెప్పేవాడు, చివర ఆ మాటతో.

పోయిన ఏడాది వానలు మొదలైన కొత్తలో, మధ్యాహ్నం రొట్టె తిని, వాలుకుర్చీలో కునుకు తీస్తూ పోయాడు. ఏ చప్పుడూ చేయలేదు. బండిని రాయికోడ్‌లో ఉండే వాళ్ల అల్లుడు తీసుకెళ్లాడు. గుంజుడు బాగానే ఉందని ఫోను చేసినప్పుడల్లా చెప్తాడు.

ఆయన పోయాక అత్తమ్మ మధ్యాహ్నం పొయ్యి వెలిగించడం మానేసింది. పొద్దున్నే ఒకేసారి చేసుకుని గుడ్డలో చుట్టి పెట్టుకునేది. ఒక్కదానికి వేడేంది, సల్లవేంది అనేది. మా అమ్మ ఇవతల నుంచి కొన్నాళ్లు చూసింది. ఒకరోజు భోజనాల వేళకు నేను వచ్చి కూర్చుంటే, లేచి వెళ్లి కిటికీ రెక్కలు ధడాలున వేసింది. వీధిలో సైకిలు కూడా లేదు. అవతల అత్తమ్మ తలెత్తి చాలాసేపు మూసిన కిటికీ వైపు చూస్తూ ఉండిపోయిందట. తర్వాత లేచి పెంక పెట్టింది. మా అమ్మ కూర గిన్నె తీసుకుని వీధి దాటింది.

అప్పటి నుంచి రోజూ అదే. రొట్టె కొట్టేటప్పుడు అత్తమ్మ మిషను తీసి పక్కన పెడుతుంది. అరచేతుల చప్పుడు అందులో పిడుగుల్లా పడుతుందట. అందుకని కిటికీ ఉద్యోగం పోలేదు. నేను కాలేజీ నుంచి వచ్చి తిన్నగా ఎదురింటికే వెళ్తాను.

మొన్న చౌరస్తా నుంచి అలాగే వెళ్లాను. పొయ్యికి అవతలికి వెళ్లి, ఆమె ముఖానికి ఎదురుగా కూర్చుని, పోలీసులు సైలెన్సర్ల మీద రోలరు ఎక్కించిన సంగతి చెప్పాను. పండ్ల బండి ఆయన నిరాశ కూడా చెప్పాను. అత్తమ్మ నవ్వింది. తర్వాత వంటింటి గుమ్మంలోంచి, వరండా గోడకు వేలాడుతున్న సైలెన్సరు వైపు చూసింది.

"మీ మామది ఎవ్వరికీ ఇయ్యకు బిడ్డా," అంది, పెంక మీది రొట్టెను తిప్పుతూ. "నేను దాని ఆవాజ్ ఒక్కసారే ఇన్న."

రొట్టె పొంగింది. తీసి నా పళ్లెంలో వేసింది.